కంపెనీకి తెల్వకుండ జాబ్ వెతకాలె, కాల్స్ కూడ రావాలె – ప్రొఫైల్ ఎట్ల పెట్టాలె?

పోలేపల్లి_క్యూసీ
జడ్చర్ల దగ్గర ఫార్ములేషన్ (మందులు తయారుచేసే) యూనిట్‌ల క్యూసీ, అంటే క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్. ఎమ్మెస్సీ ఆర్గానిక్, పాలమూరు యూనివర్సిటీ. మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్. హెచ్‌పీఎల్‌సీ, డిసల్యూషన్, యూవీ, కార్ల్ ఫిషర్ – మందులు పరీక్షించే ఈ మిషన్లన్నీ చేతికి వచ్చినయే. హైదరాబాద్ సైడ్ మారాలె. నౌక్రీల, లింక్డ్ఇన్‌ల ప్రొఫైల్ ఉన్నది గని పనికొచ్చే కాల్ ఒక్కటి రాదు. వచ్చినా "ఇంట్ల కూసొని డేటా ఎంట్రీ" అంటరు. ఇంకోటి, మా సెక్షన్ హెడ్ లింక్డ్ఇన్‌ల నా కనెక్షనే. వెతుకుతున్న అని తెలిస్తే ఇగ నైట్ షిఫ్టులే రాస్తడు. ఏం మార్చాలె, ఏది ముందు మార్చాలె? ఫేస్‌బుక్ కథ వేరే ఉన్నది, అది తర్వాత అడుగుత.

సాగర్_ఎడమకాల్వ
ముందుగాల ఏదీ ముట్టకు. లింక్డ్ఇన్ సెట్టింగ్స్‌ల విజిబిలిటీకి పో. ఉద్యోగం మారినా, చదువు మారినా, వర్క్ యానివర్సరీ వచ్చినా నెట్‌వర్క్‌కు చెప్పే స్విచ్ ఒకటి ఉంటది. అది ఆఫ్ చెయ్. గప్పుడు ఎడిట్ మొదలువెట్టు. చాలమంది ఎడిట్ అయినంక ఆఫ్ చేస్తరు, అప్పటికే పోవాల్సినోళ్లకు పోయి ఉంటది.

బత్తాయి_తోట
పైదానికి తోడు: కొత్త పొజిషన్ కలిపేటప్పుడు ఆ ఫారంలనే నెట్‌వర్క్‌కు తెలపాల్నా అని ఇంకో చిన్న బటన్ వస్తది. అది కూడ చూసుకో. రెండూ వేరు వేరు.

డిండి_గట్టు
గ్రీన్ ఫ్రేమ్ పెట్టు అన్నా, కాల్సే కాల్స్.

సాగర్_ఎడమకాల్వ
@డిండి_గట్టు ఆయన ఏమడిగిండు, నువ్వేం చెప్తున్నవ్? గ్రీన్ ఫ్రేమ్ అంటే ఫోటో చుట్టూ వెతుకుతున్నా అని రాసిపెట్టుడే. సెక్షన్ హెడ్‌కు చాయ్ ఇచ్చి మరీ చెప్పినట్టు. ఓపెన్ టు వర్క్‌ల రెండు ఆప్షన్లు ఉంటయి: అందరికీ, లేదా రిక్రూటర్లకు మాత్రమే. రెండోది పెట్టాలె.

కన్సల్టెన్సీ_అక్క
ఫార్మా ప్లాంట్లకు క్యాండిడేట్లను పంపే పనిలో ఉన్నాను, అటు వైపు నుంచి చెప్తాను.

రిక్రూటర్లకు మాత్రమే అని పెట్టినా పూర్తి గ్యారంటీ లేదు. మీ కంపెనీలోని రిక్రూటర్లకు అది కనపడకుండా లింక్డ్ఇన్ చూస్తుంది, కానీ నూటికి నూరు పాళ్లు హామీ ఇవ్వలేమని వాళ్లే అంటారు. మీ ఎక్స్‌పీరియన్స్‌లో కంపెనీ పేరు లోగోతో సహా వచ్చిందా చూడండి. పేరు చేత్తో టైప్ చేసి వదిలేసి ఉంటే పక్కన బూడిద రంగు డబ్బా కనపడుతుంది, అంటే ఆ కంపెనీ పేజీతో లింక్ కాలేదు. మీరు ఎవరి ఉద్యోగో దానికి తెలియనప్పుడు ఎవరి నుంచి దాచాలో మాత్రం ఎట్లా తెలుస్తుంది? ఇంకా, మీ కంపెనీకే మనుషుల్ని పంపే బయటి కన్సల్టెన్సీకి అది కనపడుతుంది. అక్కడి నుంచి మాట పోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఇక కాల్స్ ఎందుకు రావట్లేదంటే: రిక్రూటర్ మొదట మీ ప్రొఫైల్ చదవదు, డేటాబేస్‌లో వెతుకుతుంది. నౌక్రీలో మా వైపు తెర మీద ఉండేవి కీవర్డ్, మొత్తం అనుభవం, ఊరు, ఏడాది జీతం, నోటీస్ పీరియడ్, చివరిగా ఎప్పుడు యాక్టివ్‌గా ఉన్నారు. ఇందులో ఒక్క గడిలో మీరు తప్పుకున్నా లిస్టులోకే రారు. మీ ప్రొఫైల్ ఎంత బాగుందన్నది ఆ తర్వాతి మాట. మీ ఆరు గడుల్లో ఏముందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.

పోలేపల్లి_క్యూసీ
డెజిగ్నేషన్: జూనియర్ ఎగ్జిక్యూటివ్. ఊరు: మహబూబ్‌నగర్. జీతం: 26. నోటీస్: ఖాళీ. హెడ్‌లైన్: సీకింగ్ ఏ చాలెంజింగ్ పొజిషన్ ఇన్ రెప్యూటెడ్ ఆర్గనైజేషన్. చివరిగా లాగిన్ అయ్యి నెలలు అయితాంది.

జడ్చర్ల_జంక్షన్
26 అంటే నెలకు 26 వేలు అనుకొని కొట్టినవు. అది లక్షల గడి తమ్ముడు. మూడేండ్ల క్యూసీ కెమిస్టుకు ఏడాదికి 26 లక్షలు 😂 నిన్ను పిలవాలంటే వైస్ ప్రెసిడెంట్ పోస్టే ఉండాలె.

కన్సల్టెన్సీ_అక్క
నవ్వొద్దు, వారానికి ఒకరిద్దరు ఇట్లాగే కనపడతారు. మూడేళ్ల క్యూసీకి వెతికేటప్పుడు జీతం గడిలో పై హద్దు ఒకటి పెడతాం, అది దాటిన వాళ్లు అసలు కనపడరు. చేతికొచ్చే జీతం వేయొద్దు. చివరి ఇంక్రిమెంట్ లెటర్‌కు జత చేసిన కాగితంలో వార్షిక సీటీసీ (మీ మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు) అని ఉంటుంది. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, బోనస్ అన్నీ అందులోనే ఉంటాయి. ఆ అంకె వేయండి. ఆఫర్ ఇచ్చే ముందు అదే కాగితం అడుగుతాం కాబట్టి పెంచి రాసినా లాభం లేదు.

నోటీస్ ఖాళీగా వదలొద్దు. మూడు నెలలైతే మూడు నెలలనే పెట్టండి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో బైఔట్ క్లాజ్ (నోటీస్ రోజులకు డబ్బు కట్టి ముందే వెళ్లే వీలు) ఉంటే ఆ ముక్క హెడ్‌లైన్‌లో కాదు, సమ్మరీ చివర్లో రాయండి.

హెడ్‌లైన్ సంగతి తర్వాత చెప్తాను, అది కాస్త పెద్దది.

కోయిల్‌సాగర్
ఊరు హైదరాబాద్ అని మార్చు. మహబూబ్‌నగర్ అని పెడితే ఎవడు చూస్తడు.

ఉదయసముద్రం
@కోయిల్‌సాగర్ ఒప్పుకోను. రేపు పొద్దుగాల 9కి రమ్మంటరు, జడ్చర్లల బీ షిఫ్ట్ దిగి ఎట్ల పోతడు? రెజ్యూమేల ఒక ఊరు, నౌక్రీల ఒక ఊరు ఉంటే ఫోన్ల మొదటి ప్రశ్నే అది అయితది.

కోయిల్‌సాగర్
నేషనల్ హైవే 44 మీద బస్సెక్కితే రెండు గంటలు. హైదరాబాద్ లోపల ఎల్బీ నగర్ నుంచి పాశమైలారం పోనీకి కూడ అంతే పడుతది.

కన్సల్టెన్సీ_అక్క
ఇద్దరూ చెరో సగం కరెక్టు. ప్రస్తుత ఊరు నిజమే ఉండనివ్వండి. పక్కన ప్రిఫర్డ్ లొకేషన్స్ అని ఉంటుంది, పని అంతా అక్కడే. ఆ ఊరికి మారడానికి సిద్ధంగా ఉన్నవాళ్లను కూడా కలుపు అని మా సెర్చ్‌లో ఒక టిక్ ఉంది, చాలామంది అది పెట్టే వెతుకుతారు. అక్కడ హైదరాబాద్ ఒక్కటే వేసి ఆపొద్దు. హైదరాబాద్ ఫార్మా అంటాం కానీ ప్లాంట్లన్నీ బాచుపల్లి, జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, ఇటు చౌటుప్పల్ దాకా ఉన్నాయి. సంగారెడ్డి, మెదక్, నల్లగొండ కూడా లిస్టులో దొరికితే కలపండి. లింక్డ్ఇన్‌లో ఇదే పని ఓపెన్ టు వర్క్ లోపలి లొకేషన్ గడి చేస్తుంది. జాబ్ టైటిల్స్ గడి కూడా అక్కడే ఉంది, అయిదు వరకు పెట్టుకోవచ్చు, ఒక్కటి పెట్టి మిగిలినవి వృథా చేయకండి.

ల్యాబ్_కోటు
టైటిల్ మాట వచ్చింది కాబట్టి. మన కంపెనీలు ఇచ్చే డెజిగ్నేషన్లు ఎవరూ వెతకరు. జూనియర్ ఎగ్జిక్యూటివ్ అని వెతికితే సేల్స్ వాళ్లు, హెచ్ఆర్ వాళ్లు, స్టోర్స్ వాళ్లు అందరూ వస్తారు. రిక్రూటర్ కొట్టేది క్యూసీ అనలిస్ట్, క్యూసీ కెమిస్ట్, హెచ్‌పీఎల్‌సీ అనలిస్ట్. అందుకని ఎక్స్‌పీరియన్స్‌లో డెజిగ్నేషన్ ఉన్నదున్నట్టు రాసి, పక్కన గీత పెట్టి క్వాలిటీ కంట్రోల్ అని కలపండి. హెడ్‌లైన్‌లో మాత్రం బజారు పేరు:

క్యూసీ అనలిస్ట్ | హెచ్‌పీఎల్‌సీ, డిసల్యూషన్, ఎంపవర్ 3 | ఓరల్ సాలిడ్ డోసేజ్ | స్టెబిలిటీ, ఫినిష్డ్ ప్రొడక్ట్ | 3 ఏళ్లు

ఓరల్ సాలిడ్ డోసేజ్ అంటే మాత్రలు, క్యాప్సూళ్లు. ఇదంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఇక్కడ తెలుగులో రాశానంతే. లింక్డ్ఇన్ హెడ్‌లైన్‌కు 220 అక్షరాలు, నౌక్రీ రెజ్యూమే హెడ్‌లైన్‌కు 250. రెంటికీ ఒకటే సరిపోతుంది. పొట్టి పేరు, పూర్తి పేరు రెండూ ప్రొఫైల్లో ఎక్కడో ఒకచోట ఉండాలి: క్యూసీ ఒకచోట, క్వాలిటీ కంట్రోల్ ఇంకోచోట. హెచ్‌పీఎల్‌సీ ఒకచోట, దాని పూర్తి పేరు ఇంకోచోట. వెతికేవాళ్లు ఏది కొడతారో మనకు తెలియదు.

సాఫ్ట్‌వేర్ పేరు మర్చిపోవద్దు. వాటర్స్ మిషన్ అయితే ఎంపవర్, షిమాడ్జు అయితే ల్యాబ్‌సొల్యూషన్స్, అజిలెంట్ అయితే ఓపెన్‌ల్యాబ్, థర్మో అయితే క్రోమెలియాన్. చాలా ప్లాంట్లు తాము వాడే సాఫ్ట్‌వేర్ వచ్చిన మనిషినే అడుగుతాయి, ట్రైనింగ్ సమయం కలిసొస్తుందని. లిమ్స్ (ల్యాబ్ రికార్డుల సాఫ్ట్‌వేర్) వాడుతుంటే అది కూడా.

డిండి_గట్టు
జీసీ కూడ రాసేయ్, గ్యాస్ క్రొమటోగ్రఫీ అంటే డిమాండ్.

ల్యాబ్_కోటు
@డిండి_గట్టు పక్కనోడు హెడ్‌స్పేస్ పెడుతుంటే చూసినంత మాత్రాన రాయొద్దు. రెసిడ్యువల్ సాల్వెంట్స్ (మందులో మిగిలిపోయే ద్రావకాలు) మీద రెండో ప్రశ్నకే దొరికిపోతారు. నిజంగా నాలుగు ఇన్‌స్ట్రుమెంట్లు వచ్చినోడికి పది అక్కర్లేదు.

ఎక్స్‌పీరియన్స్ కింద రాసేది కూడా మార్చండి. "శాంపిల్స్ అనాలిసిస్ బాధ్యతలు" అంటే ఏం అర్థం కాదు. ఏ శాంపిళ్లు (రా మెటీరియల్, ఇన్‌ప్రాసెస్, ఫినిష్డ్, స్టెబిలిటీ), ఏ టెస్టులు (అస్సే, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్, డిసల్యూషన్, కంటెంట్ యూనిఫార్మిటీ), ఏ మిషన్ మీద, క్యాలిబ్రేషన్ ఎవరు చేస్తారు, ఓఓఎస్ (రిజల్ట్ హద్దు దాటడం) వస్తే మొదటి దశ ఇన్వెస్టిగేషన్లో మీ పని ఏమిటి. ఇంతే. అయిదారు లైన్లు దాటొద్దు.

దేవరకొండ_కోట
ఫార్మావాళ్లకు ఒక హెచ్చరిక. ప్రొఫైల్ బలంగా కనపడాలని ప్రొడక్టు పేర్లు, క్లయింట్ పేర్లు, బ్యాచ్ వివరాలు రాసేవాళ్లున్నరు. ఆడిట్ల వచ్చిన అబ్జర్వేషన్లు రాసేటోళ్లు కూడ ఉన్నరు. మీరు సంతకం పెట్టిన కాన్ఫిడెన్షియాలిటీ అగ్రిమెంట్ ఉద్యోగం వదిలినా వదలదు. "యూఎస్‌ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఇన్‌స్పెక్షన్ జరిగిన సైట్‌ల పనిచేసిన" వరకు సరే. ఇన్‌స్పెక్టర్లు లోపాలు రాసిచ్చే 483 ఫారంల ఏం రాసిండ్రో మీ ప్రొఫైల్‌ల అవసరం లేదు.

ఫోటోలు ఇంకా ప్రమాదం. గౌను, టోపీ పెట్టుకొని హెచ్‌పీఎల్‌సీ ముంగట సెల్ఫీ. వెనక మానిటర్ మీద క్రొమటోగ్రామ్, పక్కన లాగ్‌బుక్, మీద ఏఆర్ (అనాలిసిస్ రిపోర్ట్) నంబర్. జూమ్ చేస్తే అన్నీ చదవొచ్చు. పైగా శానా ప్లాంట్లల ల్యాబ్ లోపలికి ఫోన్ తెచ్చుడే నిషేధం, ఆ ఫోటోనే సాక్ష్యం అయితది. కొత్త కంపెనీ క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్) మేనేజర్ ఆ ఫోటో చూస్తే డేటా ఇంటిగ్రిటీ తెల్వనోడు అనుకుంటడు. ఇన్‌స్టాల, వాట్సాప్ డీపీల ఉన్నా తీసేయిండ్రి.

జడ్చర్ల_జంక్షన్
మరి ప్రొఫైల్ ఫోటో ఏది పెట్టాలె? స్టూడియోల మెడ కింద కోటు అతికిచ్చి ఇస్తరు, అది పెట్టొచ్చా? తల ఒక సైజు, కోటు ఒక సైజు.

బత్తాయి_తోట
వద్దు. కిటికీకి ఎదురుంగ నిలబడి, వెనక తెల్ల గోడ, ఇంకొకరితోని ఫోన్ వెనక కెమెరాతో తీయించు. ఇస్త్రీ చేసిన చొక్కా చాలు. లింక్డ్ఇన్‌ల 400 బై 400 పిక్సెల్స్ తక్కువ కాకుండ ఉంటే మసక రాదు. ముఖం ఫ్రేమ్‌ల సగానికి పైగా ఉండాలె.

పోలేపల్లి_క్యూసీ
మస్తు పనికొస్తున్నయి. జీతం, నోటీస్ మార్చిన. నౌక్రీల కంపెనీ చూడకుండ చేసుడు ఎట్ల?

సాగర్_ఎడమకాల్వ
నౌక్రీ సెట్టింగ్స్‌ల బ్లాక్ కంపెనీస్ అని ఉంటది. అండ్ల మీ కంపెనీ పేరు టైప్ చేస్తే నాలుగైదు పేర్లు వస్తయి: లిమిటెడ్, ప్రైవేట్ లిమిటెడ్, ల్యాబ్స్, యూనిట్ పేరు, గ్రూపు పేరు. ఒక్కటి కొట్టి ఊకోకు, అన్నీ కొట్టు. గ్రూపుల వేరే కంపెనీ ఉంటే అది కూడ. కన్సల్టెన్సీల సంగతి అక్క ముందే చెప్పింది, మీ కంపెనీని బ్లాక్ చేసినంత మాత్రాన వాళ్లు బ్లాక్ కారు.

ఉదయసముద్రం
దీనికంటే పెద్ద లీకేజీ ఇంకోటి ఉంది. లింక్డ్ఇన్‌లో "హైరింగ్ క్యూసీ" పోస్టు కింద "ఇంట్రెస్టెడ్" అని కామెంట్ పెడతారు కదా. ఆ కామెంట్ మీ కనెక్షన్ల ఫీడ్‌లో కనపడొచ్చు. సెక్షన్ హెడ్ కనెక్షన్ అన్నారు, ఇక సెట్టింగులన్నీ ఆఫ్ చేసి ఏం లాభం? కామెంట్ వద్దు, లైక్ కూడా వద్దు. పోస్ట్ పెట్టిన మనిషికి నేరుగా మెసేజ్ చేయండి, లేదా అందులో ఇచ్చిన మెయిల్‌కు రెజ్యూమే పంపండి. ఇప్పటికే పెట్టినవి ఉంటే మీ ప్రొఫైల్‌లో యాక్టివిటీ కింద కామెంట్స్‌కు వెళ్లి ఒక్కొక్కటి తీసేయండి.

కోయిల్‌సాగర్
ఇది కరెక్టు. "ఇంట్రెస్టెడ్" అని 400 మంది పెట్టిన కాడ 401వది ఎవడు చూస్తడు కూడ.

కన్సల్టెన్సీ_అక్క
మెసేజ్ ఎట్లా ఉండాలో కూడా చెప్తాను. "హాయ్ మేడమ్", "సార్ ఎనీ ఓపెనింగ్స్" అని వచ్చినవి తెరవనే తెరవం. ఇంగ్లీషులో మూడు లైన్లు: ఏ పోస్టుకు, ఎన్నేళ్లు ఏ ఇన్‌స్ట్రుమెంట్ల మీద, నోటీస్ ఎంత, ఇప్పుడు ఎక్కడ. రెజ్యూమే మొదటి మెసేజ్‌లోనే జత చేయండి, "పంపమంటారా" అని అడగొద్దు. ఒక వారం చూసి ఒక్కసారి గుర్తు చేయండి. కనెక్షన్ రిక్వెస్ట్‌తో నోట్ పంపడానికి ఫ్రీ అకౌంటుకు నెలకు కొన్నే ఇస్తారు, అవి హెచ్ఆర్‌లకు, క్యూసీ గ్రూప్ లీడర్లకు దాచుకోండి.

మూసీ_ఒడ్డు
నౌక్రీల రోజూ పొద్దుగాల రెజ్యూమే హెడ్‌లైన్‌ల ఒక ఫుల్‌స్టాప్ పెట్టి, మర్నాడు తీసేస్తే పైకొస్తది అంటరు. నిజమేనా?

జడ్చర్ల_జంక్షన్
ఫుల్‌స్టాప్ పెట్టి తీసుడే ఉద్యోగం అయింది కొందరికి.

కన్సల్టెన్సీ_అక్క
ఒక రోజు, ఏడు రోజులు, పదిహేను రోజులు, నెలలోపు యాక్టివ్‌గా ఉన్నవాళ్లు అని ఫిల్టర్ ఉన్న మాట నిజం. నెలల తరబడి లాగిన్ కాకపోతే లేనట్టే. కానీ రోజూ చుక్క పెట్టడం అతి. వారానికి రెండు సార్లు లాగిన్ అయ్యి, ఒక స్కిల్ కలపడమో సమ్మరీలో ఒక లైన్ సరిచేయడమో చేస్తే చాలు.

మూసీ_ఒడ్డు
నేనైతే రోజూ చేయుడే మంచిది అంటా. ఖర్చా ఏమన్నానా.

ఉదయసముద్రం
స్కిల్స్ గడి ఖాళీగుంటే రోజూ లాగిన్ అయినా వృథానే. యాక్టివ్ అన్నది ఆరు గడుల్లో ఒకటి.

దేవరకొండ_కోట
రెజ్యూమే ఫైల్ సంగతి ఎవరూ చెప్పలే. నెట్ సెంటర్ల చేయించినవి శానా మటుకు ఇట్ల ఉంటయి: రెండు కాలమ్స్, టేబుల్స్, రంగు డబ్బాలు, ఫోన్ నంబర్ హెడర్ల. లేకుంటే ప్రింట్ తీసి ఫోన్‌తో స్కాన్ చేసిన పీడీఎఫ్. స్కాన్ చేసింది ఒట్టి బొమ్మ, అండ్ల అక్షరం లేదు, సెర్చ్‌కు దొరకదు. పరీక్ష చాల తేలిక: పీడీఎఫ్ కంప్యూటర్ల తెరిచి మౌస్‌తో మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి నోట్‌ప్యాడ్‌ల అతికియ్యి. ఏమీ రాకుంటే బొమ్మ. కంపెనీ పేరు ఒకకాడ, తేదీ ఇంకోకాడ చెల్లాచెదరుగ వస్తే సాఫ్ట్‌వేర్ కూడ అట్లనే చదువుతది. ఒకటే కాలమ్, టేబుల్స్ లేకుండ, వర్డ్‌ల చేసి పీడీఎఫ్ సేవ్ చెయ్. నౌక్రీకి 2 ఎంబీ లోపల ఉండాలె.

ఫైల్ పేరు "న్యూ రెజ్యూమే ఫైనల్ 2" కాదు. పేరు, క్యూసీ, ఏండ్లు.

తీసెయ్యాల్సినవి: ఆధార్, పాన్ నంబర్లు, నాయిన పేరు, మతం, పెండ్లయిందా లేదా, ఇంటి నంబర్, కింద డిక్లరేషన్, సంతకం. ఊరు, జిల్లా చాలు. ఆ ఫైల్ ఎవరెవరి చేతుల పడుతదో మనకు తెల్వది.

నెట్ సెంటర్ల రిజిస్టర్ చేసి ఉంటే ఇంకో మాట: అకౌంట్‌కు ఎవరి మెయిల్, ఎవరి నంబర్ ఇచ్చిండ్రో చూడు. సెంటర్ ఆయన తన మెయిల్ ఇచ్చేస్తడు, ఇంటర్వ్యూ మెయిల్ ఆయనకు పోతది.

పోలేపల్లి_క్యూసీ
నా మెయిల్ ఇంటర్‌ల పెట్టుకున్నది. లవ్లీ, 143 అన్నీ ఉన్నయి అండ్ల 🙈

జడ్చర్ల_జంక్షన్
క్యూసీల లవ్లీ. మిషన్ కూడ కరిగిపోతది.

బత్తాయి_తోట
కొత్త జీమెయిల్ పెట్టు: పేరు, ఇంటిపేరు, దొరక్కుంటే చివర క్యూసీ. పుట్టిన సంవత్సరం వద్దు. పాత మెయిల్ సెట్టింగ్స్‌ల ఫార్వర్డింగ్ పెట్టి కొత్తదానికి తిప్పు, పాతది మూయకు. నౌక్రీల మెయిల్ మార్చి ఓటీపీతో వెరిఫై చెయ్. కొత్త మెయిల్‌తో ఇంకో నౌక్రీ అకౌంట్ తెరవకు. రెండు ఉంటే రిక్రూటర్‌కు పాతదే దొరికి, పాత నంబర్‌కు ఫోన్ పోతది.

ఇంకోటి, ట్రూకాలర్ల నీ నంబర్ ఏ పేరుతో వస్తదో ఇంకొకరి ఫోన్ల చూడు. పాత సిమ్ అయితే "చికెన్ సెంటర్ రాజు" అని రావొచ్చు. యాప్ల ప్రొఫైల్ పెట్టి పేరు సరిచేసుకోవచ్చు.

ల్యాబ్_కోటు
పేరు దగ్గర మనవాళ్లకు అసలు చిక్కు ఉంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాన్‌లో ఒకలా, ఆధార్‌లో ఇనీషియల్ మాత్రమే. రెజ్యూమేలో, నౌక్రీలో టెన్త్ మెమోలో ఉన్నట్టే రాయండి, సర్టిఫికెట్లు చూసేవాళ్లు దాంతోనే పోల్చుకుంటారు. లింక్డ్ఇన్‌లో ఫస్ట్ నేమ్ గడిలో అసలు పేరు, లాస్ట్ నేమ్ గడిలో ఇంటిపేరు పూర్తిగా. ఇనీషియల్ ఒక్కటే పెడితే అదే పేరున్నవాళ్లు ఉమ్మడి పాలమూరులోనే ఎంతమంది ఉంటారో.

ఉదయసముద్రం
తేదీలు కూడా. ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ సంస్థ) సైట్‌లో యూఏఎన్‌తో, అంటే మీ పీఎఫ్ నంబర్‌తో లాగిన్ అయ్యి సర్వీస్ హిస్టరీ తెరవండి. చేరిన తేదీ, వదిలిన తేదీ అక్కడ ఏముంటే రెజ్యూమేలో, లింక్డ్ఇన్‌లో, నౌక్రీలో అదే నెల ఉండాలి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది అడుగుతారు. పాత కంపెనీ వదిలిన తేదీ వేయకపోతే రెండు ఉద్యోగాలు ఒకేసారి చేసినట్టు కనపడుతుంది. ముందే వేయించుకోండి, ఆఫర్ వచ్చాక పరుగెత్తితే కాదు.

పోలేపల్లి_క్యూసీ
ఆగు. మొదటి ఏడాది నేను కాంట్రాక్టర్ పేరోల్ మీద ఉన్న. పీఎఫ్ కాంట్రాక్టర్ పేరు మీదే. లింక్డ్ఇన్‌ల మాత్రం మూడేండ్లు కంపెనీ పేరే పెట్టిన.

డిండి_గట్టు
అందరూ అట్లనే పెడ్తరు, ఏం కాదు.

కన్సల్టెన్సీ_అక్క
@డిండి_గట్టు అవుతుంది. వెరిఫికేషన్ ఏజెన్సీ కంపెనీకి మెయిల్ పెడితే "ఆ సంవత్సరం మా రోల్స్‌లో లేరు" అని జవాబు వస్తుంది. దాన్ని అబద్ధం కిందే లెక్కేస్తారు, పని నిజంగా చేసినా సరే. రెండు ఎంట్రీలుగా విడగొట్టండి. మొదటి ఏడాది: కాంట్రాక్టర్ సంస్థ పేరు, కింద మొదటి లైనులోనే "ఫలానా ప్లాంట్ క్యూసీలో డిప్యుటేషన్". తర్వాతి రెండేళ్లు: కంపెనీ. మొత్తం అనుభవం మూడేళ్లు మూడేళ్లే ఉంటుంది, ఒక్క నెల పోదు. కాంట్రాక్ట్‌లో చేరి రోల్స్‌లోకి తీసుకున్నారంటే పని బాగుందనే అర్థం. మార్చేటప్పుడు లింక్డ్ఇన్‌లో నెట్‌వర్క్‌కు చెప్పే ఆ స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో ఇంకోసారి చూసుకోండి.

దేవరకొండ_కోట
ఫేస్‌బుక్ కథ ఏందో చెప్పు మరి.

పోలేపల్లి_క్యూసీ
డిగ్రీల ఉన్నప్పుడు పెట్టిన పోస్టులు, న్యూస్ పేజీల కింద రాజకీయం మీద కొట్లాటలు. ప్రొఫైల్ పేరు కూడ హీరో పేరు కలిపి ఉన్నది. అకౌంటే లేపేయాల్నా?

మూసీ_ఒడ్డు
ఎవని అభిప్రాయం వానిది, ఉద్యోగానికి దానికి ఏం సంబంధం. నేను తీయనీకి ఒప్పుకోను.

ఉదయసముద్రం
@మూసీ_ఒడ్డు అభిప్రాయం ఉండొచ్చు, బూతు ఉంటేనే తంటా. అకౌంట్ లేపేయక్కర్లేదు. ప్రైవసీ సెట్టింగ్స్‌లో పాత పోస్టులను పరిమితం చేసే ఆప్షన్ ఉంది. ఒక్కసారి నొక్కితే పబ్లిక్‌గా పెట్టిన పాతవన్నీ ఫ్రెండ్స్‌కు మాత్రమే అవుతాయి. మళ్లీ అన్నిటినీ ఒకేసారి వెనక్కి తేలేం, ఆలోచించి నొక్కండి. సెర్చ్ ఇంజన్లు మీ ప్రొఫైల్‌కు లింక్ ఇవ్వొచ్చా అన్న ఆప్షన్ కూడా అక్కడే, వద్దనండి. ఇప్పుడున్న కవర్ ఫోటో మాత్రం ఎప్పుడూ పబ్లిక్‌గానే ఉంటుంది.

కానీ న్యూస్ పేజీ కింద మీరు పెట్టిన కామెంట్లు దీంతో పోవు. ఆ పోస్టు వాళ్లది కాబట్టి అది పబ్లిక్ అయితే మీ కామెంటూ పబ్లిక్కే. యాక్టివిటీ లాగ్ తెరిచి, కామెంట్స్ ఫిల్టర్ పెట్టి, సంవత్సరం వారీగా తీసేయాలి. విసుగు పని, ఒక ఆదివారం పడుతుంది. ఫ్రెండ్స్ ట్యాగ్ చేసే ఫోటోలు మీరు ఒప్పుకున్నాకే టైమ్‌లైన్‌లో వచ్చేలా రివ్యూ ఆన్ చేయండి.

అన్నీ అయ్యాక ఇన్‌కాగ్నిటో విండోలో మీ పేరు కోట్స్‌లో పెట్టి, పక్కన ఊరో కాలేజో కలిపి గూగుల్ చేయండి. తీసేసిన పేజీ ఇంకా కనపడుతుంటే, పాతబడిన కంటెంట్‌ను రిఫ్రెష్ చేయమని అడిగే పేజీ గూగుల్‌కు ఉంది, అక్కడ లింక్ ఇవ్వండి. మీ ఫోన్ నంబరో ఇంటి అడ్రసో ఏదైనా సైట్‌లో పడి ఉంటే గూగుల్ అకౌంట్‌లో "రిజల్ట్స్ అబౌట్ యూ" అనేది చూడండి. అది వెతుకులాటలో నుంచే తీస్తుంది, అసలు సైట్‌లో ఉన్నది అట్లాగే ఉంటుంది.

జడ్చర్ల_జంక్షన్
హీరో పేరు తీసేస్తే ఫ్యాన్స్ అసోసియేషన్ నుంచి కూడ వెరిఫికేషన్ వస్తదేమో.

సాగర్_ఎడమకాల్వ
ప్రొఫైల్ సరిచేసినంక కాల్స్ పెరుగుతయి, దొంగ కాల్స్ కూడ పెరుగుతయి. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్ కిట్, మెడికల్ టెస్ట్ డిపాజిట్ అని ఏ పేరుతో పైసలు అడిగినా ఫోన్ పెట్టేయ్. ఫార్మా కంపెనీ ఇంటర్వ్యూకు రూపాయి తీసుకోదు. ఆఫర్ లెటర్ జీమెయిల్ నుంచి వస్తే నమ్మకు. ఓటీపీ అడిగితే నౌక్రీ నుంచి అని చెప్పినా ఇయ్యకు. ఒకవేళ పైసలు పోతే 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) వెంటనే ఫోన్ చెయ్యాలె, ఎంత తొందరగ చేస్తే బ్యాంకుల ఆపే అవకాశం అంత ఎక్కువ.

పోలేపల్లి_క్యూసీ
వాట్సాప్ గ్రూపులల్ల వాకిన్ (నేరుగ పోయి ఇచ్చే ఇంటర్వ్యూ) పోస్టర్లు వస్తుంటయి, వాటికి పోవచ్చా?

కన్సల్టెన్సీ_అక్క
పోవచ్చు, ఫార్మాలో చాలా ఉద్యోగాలు వాకిన్‌లోనే భర్తీ అవుతాయి. పాత పోస్టర్లకే సంవత్సరం మార్చి తిప్పుతుంటారు. పోస్టర్ మీద తేదీ, వారం రెండూ క్యాలెండర్‌తో పోల్చండి. 14వ తేదీ ఆదివారం అని ఉండి ఆ నెల 14 బుధవారం అయితే అది పాతదే. తర్వాత ఆ కంపెనీ వెబ్‌సైట్ కెరీర్స్ పేజీలోనో, వాళ్ల లింక్డ్ఇన్ పేజీలోనో అదే ప్రకటన ఉందేమో చూడండి. వెన్యూ హోటల్ అయితే హోటల్‌కు ఫోన్ చేసి ఆ రోజు కంపెనీ పేరు మీద హాల్ బుక్ అయిందా అడగండి, చెప్తారు. వెళ్లేటప్పుడు మూడు నెలల పేస్లిప్పులు, ఇంక్రిమెంట్ లెటర్, కాంట్రాక్టర్ ఇచ్చిన సర్వీస్ లెటర్ పట్టుకెళ్లండి.

పోలేపల్లి_క్యూసీ
సర్వీస్ లెటర్ లేదక్కా, కాంట్రాక్టర్ ఆఫీసు షాద్‌నగర్‌ల ఉన్నది. రేపు వీక్లీ ఆఫ్, పోయి అడుగుత.

కన్సల్టెన్సీ_అక్క
లెటర్‌హెడ్ మీద, చేరిన తేదీ, వదిలిన తేదీ, ఏ ప్లాంట్‌లో ఏ డిపార్ట్‌మెంట్ అన్నది రాయించుకోండి. స్టాంప్ మర్చిపోవద్దు.